రక్తశర్కరా పరీక్ష: అంచెట్టి సీమ

మధుమేహము గలవారు తమ రక్తమునందలి గ్లూకోజు పరిమాణమును ఎప్పటికప్పుడు కొలిపించుకొని గాని, స్వయముగా కొలుచుకొని గాని, ఆ కొలతను బట్టి ఆహారమును, శ్రమను, ఔషధమును సవరించుకొను పద్ధతికి రక్తశర్కరా పరీక్ష యని పేరు. ఆరోగ్యవంతుని దేహమున ఈ కాపుదల క్లోమగ్రంథి వలన, మనిషికి తెలియకుండగనే జరిగిపోవుచుండును. భోజనము చేసినప్పుడు ఆ గ్రంథి ఇన్సులిన్‌ను అధికముగా స్రవించి, పస్తున్నప్పుడు తగ్గించి, డెసిలీటరు రక్తమునకు రమారమి 70 మొదలు 140 మిల్లీగ్రాముల వరకు చక్కెరను నిలిపియుంచును. ఇన్సులిన్ చాలకపోయినను, ఉన్న ఇన్సులిన్‌కు దేహము లోబడకపోయినను ఆ కట్టుబాటు సడలిపోవును. ఇందులోని దుఃఖకరమైన సంగతి యేమనగా, చక్కెర 200 దాటినను పెక్కుమందికి ఏ బాధయు తోచదు; ఆకలి బాగుగనే యుండును, పని సాగుచునే యుండును, లోలోపల మాత్రము కంటి వెనుకనున్న సన్నని రక్తనాళములు, మూత్రపిండములు, పాదముల నరములు సంవత్సరముల తరబడి చెడిపోవుచుండును. దేహము తనంతట తాను చెప్పని ఈ సంగతిని తెలిసికొనుటకు కొలత తప్ప వేరు దారి లేదు. ఇకముందు ఈ వ్యాసమున వచ్చు చక్కెర అంకెలన్నియు డెసిలీటరునకు మిల్లీగ్రాములని గ్రహింపవలయును.

అంచెట్టి తమిళనాట కృష్ణగిరి జిల్లాలో, డెంకణికోటకు దక్షిణమున, హోగెనకల్లు జలపాతమునకు పోవు అడవిదారిలో నున్న ఊరు. 2004 ఫిబ్రవరి 9న ధర్మపురి జిల్లానుండి వేరుపడిన ఈ జిల్లాలో తెలుగు, కన్నడము, తమిళము మూడు భాషలును ఒక్క వీథిలోనే వినవచ్చును. రాగి, అనప, ఉలవ, మల్బరీ, మామిడి ఇక్కడి ముఖ్యమైన పంటలు. ఉత్తరమున హోసూరు గొప్ప పరిశ్రమల పట్టణముగా పెరిగి, రాత్రింబవళ్ళు షిఫ్టులలో పనిచేయు వేలకొలది జనమునకు ఉనికిపట్టైనది. దక్షిణమున అంచెట్టి చుట్టుపట్ల కొండపల్లెలవారు మాత్రము ఒక మందుచీటి కొరకు బయలుదేరినను ఒక పూట కూలి వదలుకొనవలసినదే. ఒకే జిల్లాలోని ఈ రెండు జీవనవిధానములను ప్రక్కప్రక్కన పెట్టి చూచిననే రక్తశర్కరా పరీక్షలోని చిక్కులు పూర్తిగా బోధపడును.

చక్కెరజబ్బు కూర్చుండి తినువారిదే గాని కష్టజీవులది కాదను నమ్మకము పల్లెలలో మిక్కిలి బలముగా నున్నది. భారత వైద్య పరిశోధన మండలి వారి ఆధ్వర్యమున దేశమంతట జరిగి 2023లో ప్రచురితమైన ఇండియాబ్ పరిశోధన ఆ నమ్మకమును నిలువనీయలేదు. ఆ లెక్క ప్రకారము దేశమున మధుమేహము గలవారు 10.1 కోట్లు, అనగా పెద్దలలో నూటికి 11.4 మంది. పట్టణములలో నూటికి 16.4 మంది, పల్లెలలో 8.9 మంది. జబ్బు అంచుననున్నవారు మరి 13.6 కోట్లు. పల్లెల పాలు తక్కువయే యైనను, పల్లెజనము యొక్క సంఖ్యను తలచుకొన్నచో అది చిన్నది కాదు. పరీక్షకు దూరముగా నుండుటచే పల్లెలో ఆ జబ్బు చాలకాలము పేరులేకనే తిరుగుచుండును.

పరీక్షల పూర్వచరిత్ర

చరక సుశ్రుత సంహితలు ప్రమేహములను ఇరువది విధములుగా విభజించి, అందు మధుమేహమును అసాధ్యముగా పేర్కొన్నవి. రోగి మూత్రమునకు చీమలు పట్టుట ఆనాటి వైద్యులు గమనించిన లక్షణము. దానినే మొదటి శర్కరాపరీక్ష యనవచ్చును. ఐరోపాలో పదునేడవ శతాబ్దమున థామస్ విల్లిస్ మూత్రము తీయగా నుండునని వ్రాసెను. 1776లో లివర్‌పూలు వైద్యుడు మాథ్యూ డాబ్సన్ ఒక రోగి మూత్రమును మరిగించి ఇగిర్చి, అడుగున మిగిలిన తెల్లని పదార్థము చక్కెరయని నిరూపించుటయే గాక, రక్తరసము కూడ తీయగనే యున్నదని కనిపెట్టెను. జబ్బు మూత్రపిండములది కాదనియు, రక్తములోనే చక్కెర చేరుచున్నదనియు తెలియుటకు ఇది తొలిమెట్టు.

ఇరువదవ శతాబ్దపు తొలినాళ్ళలో స్టాన్లీ బెనెడిక్ట్ కూర్చిన నీలిద్రావకము మన దేశమున మూడు తరముల రోగులకు పరిచితమైనది. పరీక్షనాళికలో ఆ ద్రావకము పోసి, ఎనిమిది చుక్కల మూత్రము కలిపి, దీపముపై కాచినచో చక్కెర లేనప్పుడు నీలముగనే నిలుచును; కొంచెమున్నచో ఆకుపచ్చయగును; హెచ్చినకొలది పసుపు, నారింజ రంగులు తిరిగి తుదకు ఇటుకరంగు దిగును. ఈ పరీక్ష చౌకయైనది, కన్నులకు కట్టినట్లుండునది. కాని రెండు పెద్ద లోపములు దానిని విడువలేదు. రక్తమున చక్కెర సుమారు 180 దాటిన పిమ్మటనే మూత్రమున కనబడును, వృద్ధులలో ఆ గడప ఇంకను ఎత్తుగా నుండవచ్చును. అదిగాక చక్కెర ప్రమాదకరముగా పడిపోయినను ద్రావకము నీలముగనే యుండి, అంతయు క్షేమమన్నట్లు తోచును.

రక్తమునే నేరుగా కొలుచు పద్ధతులలో 1919-20 ప్రాంతమున హార్వర్డు వైద్య కళాశాలయందు ఆటో ఫోలిన్, సియెన్ వూ అను ఇరువురు ఏర్పరచినది చిరకాలము లోకమంతట వాడుకలో నుండెను. తెలుగువారు ఇచట ఒక్క క్షణము నిలిచి స్మరింపదగిన పేరొకటి కలదు. భీమవరమున 1895లో జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావు, ఫోలిన్ అధిపతిగా నున్న ఆ విభాగముననే సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేసి, 1925లో రక్తమునందలి భాస్వరమును రంగుచేత కొలుచు పద్ధతిని ప్రకటించెను. అది చక్కెరపరీక్ష కాదు. ఐనను ద్రావకపు రంగు చిక్కదనమును బట్టి దేహద్రవములోని పదార్థమును లెక్కకట్టు ఆ విద్య ఒక్కటే, ఆ విద్యాశాలయు ఒక్కటే. ఫోలిన్-వూ పద్ధతి గ్లూకోజుతో పాటు రక్తములోని ఇతర క్షయకరణ ద్రవ్యములను కూడ కలిపి కొలుచుటచే అసలుకంటె హెచ్చు అంకెను చూపెడిది. అందువలననే గ్లూకోజును మాత్రమే గుర్తించు గ్లూకోజు ఆక్సిడేజు అను ఎంజైము వాడుకలోనికి వచ్చినపుడు పాత పద్ధతులు తప్పుకొన్నవి.

1965 ప్రాంతమున రక్తపు చుక్క వేసి, నీటితో కడిగి, రంగు పోల్చిచూచు కాగితపుపట్టీ వచ్చెను. ఆ రంగును చదువుటకు 1970 ప్రాంతమున వచ్చిన మొదటి మీటరు కిలోకు మించిన బరువుతో, వైద్యులకు మాత్రమే అమ్మబడెడిది. చిన్ననాటినుండి మధుమేహముతో బాధపడుచున్న రిచర్డ్ బెర్న్‌స్టీన్ అను అమెరికా ఇంజనీరు, వైద్యురాలైన తన భార్య పేరిట ఒకటి కొనిపించి, దినమునకు పలుమార్లు తన రక్తమును తానే కొలుచుకొని, ఇన్సులిన్‌ను తానే సవరించుకొనెను. రోగి స్వయముగా పరీక్షించుకొనుటను అప్పటి వైద్యలోకము ఆదరింపలేదు. తన మాటకు విలువ దక్కుటకై ఆయన నడివయస్సున వైద్యకళాశాలలో చేరి వైద్యుడైనాడు. నేడు పల్లెటూరి మందులకొట్టులో దొరకు మీటరుకు వెనుక ఈ పట్టుదల యున్నది. 1962లో లీలండ్ క్లార్క్ ప్రతిపాదించిన ఎంజైము ఎలక్ట్రోడు నేటి పట్టీలకు ఆధారము: పట్టీపైనున్న ఎంజైము గ్లూకోజుతో చర్యనొందగా పుట్టు స్వల్ప విద్యుత్ప్రవాహమును మీటరు కొలిచి, కొన్ని క్షణములలో అంకెగా చూపును. అందుకు కావలసిన రక్తము ఒక మైక్రోలీటరైనను కాదు.

ఇంతగా కొలుచుకొని ప్రయోజనమేమను ప్రశ్నకు సమాధానము 1993లో లభించెను. అమెరికా కెనడాలలో 1441 మంది మొదటిరకము మధుమేహులపై పదేండ్లు జరిగిన పరిశోధనలో, దినమునకు నాలుగుమారులైన పరీక్షించుకొని చక్కెరను అదుపున నుంచుకొన్నవారికి కంటిజబ్బు పుట్టుట నూటికి 76 పాళ్ళు తగ్గెను. పెద్దవయస్సున వచ్చు రెండవరకమున కూడ అదుపు వలన సూక్ష్మనాళముల హాని తగ్గునని 1998లో బ్రిటనులో తేలినది. కాని 2017లో ఉత్తర కరోలినానుండి వెలువడిన మరొక పరిశోధనను కూడ పాఠకులు ఎరుగవలయును. ఇన్సులిన్ అక్కరలేని రోగులు దినమునకొకసారి చొప్పున ఏడాదిపాటు కొలుచుకొన్నను, కొలుచుకొననివారికంటె వారి అదుపు మెరుగుపడలేదు. 1993, 2017 నాటి ఈ రెండు ఫలితములును పరస్పరవిరుద్ధములని తోచవచ్చును గాని, నా దృష్టిలో కావు. మొదటివారు అంకెను చూచి ఏదో ఒకటి మార్చుకొనిరి. రెండవవారిలో పెక్కురకు అంకె అంకెగనే మిగిలిపోయినది. పరీక్ష ఒక ప్రశ్నకు సమాధానము కావలయును. ప్రశ్న లేక తీసిన రక్తము వృథాయగును.

సంగటి, ఉలవచారు, రెండుగంటల పరీక్ష

అంచెట్టి పల్లెలలో మొట్టమొదట అడుగవలసిన ప్రశ్న సంగటిని గూర్చినది. రాగి తిన్నవారికి చక్కెర పెరుగదని చాలమంది నమ్ముదురు. వైద్యులు సైతము అన్నము మాని రాగి తినుమని చెప్పి పంపుదురు. రాగియందు సున్నము, పీచు మెండుగా నుండుట సత్యమే. నూరు గ్రాముల రాగులలో పీచు సుమారు 11 గ్రాములు, కాల్షియము 350 మిల్లీగ్రాములకు పైగా నుండును. కాని అదే నూరు గ్రాములలో మూడింట రెండుపాళ్ళు పిండిపదార్థమే యగుటయు సత్యము. మెత్తగా విసరిన పిండితో కాచిన అంబలి త్వరగా జీర్ణమై రక్తములోనికి దిగును; ముద్దగా కెలికిన సంగటి, పక్కన కూర, ఉలవచారు, అనపగింజల పులుసు సమృద్ధిగా నున్నప్పుడు, కొంత నిదానించును. పొలమున వంగి పనిచేయువానికి రెండు ముద్దలు సరిపోవచ్చును. పనులు లేని వేసవిలో ఆ రెండు ముద్దలే అధికము కావచ్చును. ఎవరికెంత యనునది పుస్తకము చెప్పజాలదు, మీటరు చెప్పగలదు.

ఇందుకు పద్ధతి సులభము. ముద్దను ముట్టకముందు ఒకసారి, మొదటి కబళము తిన్న రెండు గంటలకు మరొకసారి కొలువవలెను. మొదటి అంకె 118, రెండవది 236 అని యున్నదనుకొందము. ఆ భోజనము ఆ మనిషికి ఎక్కువైనదని అర్థము. మరునాడు అదే వేళకు ఒక ముద్ద తగ్గించి, ఉలవచారు, ఆకుకూర హెచ్చించి, మరల జంటగా కొలిచినచో భేదము తేటపడును. పరగడుపున ఒక్కమారు తీసిన అంకెలు నెలల తరబడి పోగైనను ఇంత చెప్పవు, ఏలనన పరగడుపు చక్కెర ముఖ్యముగా రాత్రివేళ కాలేయము విడుచు గ్లూకోజును తెలుపునే గాని మధ్యాహ్నపు ముద్దను తెలుపదు. ఒక్కొక్క పట్టీ ఖరీదు ఇరువది రూపాయలకు అటునిటుగా నుండుటచే కూలిజనము దినదినము కొలుచుకొనలేరు. వారి కొరకు జంటకొలతలను విడివిడిగా పంచుకొను పద్ధతి యున్నది. ఒక వారము ఉదయపు భోజనమునకు ముందు వెనుకలు, మరొక వారము మధ్యాహ్నమునకు, ఇంకొక వారము రాత్రికి కొలిచినచో, నెలకు ఆరు పట్టీలతోనే దినమంతటి స్వరూపము కంటబడును. ఇన్సులిన్ వాడనివారికి ఈ పొదుపు చాలును. ఇన్సులిన్ వాడువారికి, ముఖ్యముగా మొదటిరకపు పిల్లలకు, ఇది చాలదు. వారు దినమునకు నాలుగైదు మారులు చూచుకొననిదే మోతాదు నిర్ణయింపరాదు.

తమిళనాట 2011 నుండి చౌకడిపోలలో బియ్యము ఉచితముగా లభించుచున్నది. ఆకలిని తీర్చిన ఆ మేలును తక్కువ చేయరాదు. ఐనను రాగి తిను ఇండ్లలో మూడుపూటల తెల్లన్నము నెలకొనుటకు అదియు ఒక కారణమైనది. కొండపల్లెవారు ఇప్పుడు అన్నమును కొలుచుకొనుట సంగటిని కొలుచుకొనుటకంటెను అవసరము.

రక్తము తీయు విధానము

మీటరు చూపు అంకె సరియగునా కాదా యనునది యంత్రముకంటె చేతిపై నెక్కువగా ఆధారపడును. కృష్ణగిరి మామిడికి, అందును గుజ్జు కర్మాగారములకు పోవు తోతాపురికి, పేరుగన్న జిల్లా. వైశాఖ జ్యేష్ఠములలో పండ్లు కోయువారి, ఏరువారి వ్రేళ్ళపై రసపు జిగట ఆరి యుండును. ఆ వ్రేలిని కడుగకయే గ్రుచ్చినచో, చర్మముపైనున్న చక్కెర రక్తపు చుక్కలో కలిసి, 120 ఉన్న చోట 250 చూపినను ఆశ్చర్యము లేదు. స్పిరిటు దూదితో ఒక్కసారి తుడిచిన మాత్రమున ఆ జిగట పోదు. సబ్బునీటితో కడిగి, పొడిగుడ్డతో తడి లేకుండ తుడువవలెను. తడి మిగిలిన రక్తము పలుచబడి అంకె తగ్గును. ఆపై చేతిని క్రిందికి వ్రేలాడవిడిచి, నడిమివ్రేలి లేక ఉంగరపువ్రేలి కొనకు ప్రక్కగా, నరములు తక్కువగా నున్న చోట సూదిని తాకింపవలెను. నడుమ గ్రుచ్చినచో నొప్పి యధికము, మరునాడు కొడవలి పట్టుట కష్టము. రక్తము రాలేదని వ్రేలిని బలముగా పిండరాదు. పట్టీ అంచును చుక్కకు తాకించినచో అది తనంతట పీల్చుకొనును. సూదిని ఒకరికి వాడి మరొకరికి వాడుట యెన్నడును కూడదు. ఇంటిలోని భార్యాభర్తలకైనను ఇదే నియమము.

పట్టీలు గాలిలోని తేమకు, ఎండవేడికి చెడును. డబ్బామూత బిగించి యుంచవలెను. రేకులకప్పు క్రింద, పొయ్యిగట్టు దాపున ఉంచరాదు. అంతర్జాతీయ ప్రమాణము ప్రకారము మంచి మీటరు సైతము నూరుకు పైబడిన అంకెలలో నూటికి 15 పాళ్ళ వరకు అటునిటు కావచ్చును. కావున నిన్న 152, నేడు 164 అని దిగులుపడవలసిన పని లేదు. ప్రయోగశాలలో ముంజేతి సిరనుండి తీసిన రక్తమునకును, వ్రేలి చుక్కకును భోజనానంతరము ఇరువది ముప్పది అంకెల తేడా సహజము. రక్తహీనత గలవారికి మీటరు అసలుకంటె హెచ్చు చూపును. ఈ సీమలోని స్త్రీలను గూర్చి ఈ మాటను మరువరాదు.

జబ్బు నిర్ణయించుటకు పరగడుపున 126, లేదా 75 గ్రాముల గ్లూకోజు త్రాగించిన రెండుగంటలకు 200 హద్దులు. జబ్బు గలవారు సామాన్యముగా పరగడుపున 80 నుండి 130 లోపల, భోజనమైన పిదప 180 లోపల నుంచుకొనుట మేలు. ఒంటరిగా నున్న వృద్ధులకు, మూత్రపిండములు దెబ్బతిన్నవారికి వైద్యుడు ఈ హద్దులను సడలించును. అట్టివారికి చక్కెర హెచ్చుటకంటె పడిపోవుటయే యెక్కువ భయము.

రాత్రికావలి

చక్కెర పడిపోవుట యనగా 70 కంటె తగ్గుట. 54 కంటె తగ్గినచో అపాయము. అంచెట్టి, డెంకణికోట, తళి అడవి అంచులలో దీనికొక ప్రత్యేకమైన సందర్భమున్నది. కార్తికము మొదలుకొని రాగిచేలు పండు దినములలో కర్ణాటకపు బన్నేరుఘట్ట అడవులనుండి ఏనుగుల మందలు ఈ సీమకు దిగును. రైతులు మంచెలపై మంట వేసికొని, టపాకాయలు దగ్గర పెట్టుకొని, తెల్లవార్లు కావలి కాతురు. అట్టి రైతు గ్లైబెన్‌క్లమైడు, గ్లిమిపిరైడు వంటి మాత్రలు వాడువాడైనచో, సాయంకాలపు మాత్ర వేసికొని, మందలు వచ్చినవన్న కేకలలో రాత్రి సంగటి తినక పరుగెత్తినచో, నడిరేయి దాటిన పిమ్మట అతని చక్కెర జారిపోవును. చెమట, చేతుల వణకు, గుండెదడ, ఆకలి, చూపు మసకబారుట దాని గురుతులు. చలిరాత్రి ఏనుగుల భయమున పట్టు చెమటకును, చక్కెర పడిపోయి పట్టు చెమటకును భేదము ప్రక్కవానికి తెలియదు. తెలివి తప్పి మంచెపైనుండి పడుట, మాట తడబడుటచే త్రాగి యున్నాడని తోటివారు విడిచిపెట్టుట వంటి ముప్పులు దీనివలన కలుగును.

కావలికి పోవువాడు పోకముందు ఒకసారి కొలుచుకొనవలెను. అంకె 100 కంటె తక్కువైనచో ఏదైన తిననిదే కదలరాదు. రొండిన బెల్లపుగడ్డయో చక్కెరపొట్లమో ఉండవలెను. వణకు తోచినచో మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి త్రాగి, పదునైదు నిమిషములకు మరల చూచుకొని, ఇంకను 70 దాటనిచో మరల త్రాగి, తరువాత ముద్ద తినవలెను. మీటరు చేత లేనప్పుడు అనుమానమే చాలును, ముందు చక్కెర తినుటయే సరి. తెలివి లేనివాని నోట నీరు పోయరాదు. కావలికాలము వచ్చినపుడు సాయంకాలపు మాత్రను తగ్గింపవలెనా, ఉదయమునకు మార్పవలెనా యని వైద్యుని ముందుగనే అడుగుట రైతు చేయవలసిన పని. కావలి సంగతి అడిగి తెలిసికొనుట వైద్యుడు చేయవలసిన పని. హోసూరు కర్మాగారములలో రాత్రి షిఫ్టు చేయువారి చిక్కు కూడ ఇట్టిదే: వారమున కొకసారి పగలు రాత్రి తారుమారగుచుండగా, ఉదయము, రాత్రి యని మందుచీటిపై వ్రాసిన మాటలు వారికి చెల్లవు, వారికి నిద్రకు ముందు, పనికి ముందు అని వ్రాసి యియ్యవలయును.

మూడు నెలల సగటు

ఎర్రకణములలోని హిమోగ్లోబిను రక్తములోని గ్లూకోజును కొంచెము కొంచెముగా అంటించుకొని, ఆ కణము జీవించియున్న సుమారు 120 దినములు దానిని మోయును. ఆ అంటినపాలును కొలుచు హెచ్‌బీఏ1సీ పరీక్ష వలన గడచిన రెండుమూడు నెలల సగటు తెలియును. మధుమేహులలో ఈ హిమోగ్లోబిను భేదమును 1968 ప్రాంతమున టెహరానులో సామ్యూల్ రహబార్ మొదట కనిపెట్టెను. ఫలితము 6 శాతమైనచో సగటు చక్కెర 126. 7 ఐనచో 154. 8 ఐనచో 183. పరీక్షకు ముందు రెండు దినములు నోరు కట్టుకొని మంచి అంకె తెప్పించుకొనుట దీనియందు సాగదు.

అట్లని దానిని గ్రుడ్డిగా నమ్మరాదు. ఇనుము చాలని రక్తహీనత యున్నచో ఈ శాతము అసలుకంటె హెచ్చుగాను, రక్తకణములు త్వరగా నశించు జబ్బులలోను, రక్తము ఎక్కించుకొన్న పిమ్మటను తక్కువగాను రావచ్చును. మీటరు అంకెలును సగటును పొసగనప్పుడు హిమోగ్లోబినును పరీక్షించి చూచుట వైద్యుని విధి.

ఇంటికి వచ్చు వైద్యము

తమిళనాడు ప్రభుత్వము ‘మక్కళై తేడి మరుత్తువం’ అను పేర ప్రజల వాకిటికే వైద్యమును పంపు పథకమును 2021 ఆగస్టు 5న ప్రారంభించినది ఈ కృష్ణగిరి జిల్లాలోని సామనపల్లి గ్రామముననే. నాటి ముఖ్యమంత్రి ఎం.కె. స్టాలిన్ దానిని అచట ఆరంభించిరి. పొదుపు సంఘములనుండి ఎన్నికైన మహిళా కార్యకర్తలు మీటరును, రక్తపోటు యంత్రమును సంచిలో పెట్టుకొని ఇంటింటికి పోయి పరీక్షించి, మధుమేహమునకు, రక్తపోటునకు నెలమందులు అందింతురు. మంచముపట్టినవారికి ఉపశమన వైద్యము, వ్యాయామచికిత్స కూడ ఇందులో చేరియున్నవి. 2024లో ఈ పథకమునకు ఐక్యరాజ్యసమితి సంస్థల కార్యదళము వారి పురస్కారము లభించినది. 2022 జనవరిలో కృష్ణగిరిలో ప్రభుత్వ వైద్యకళాశాల కూడ తెరువబడెను. కూలి పోగొట్టుకొనకుండ పరీక్ష జరుగుట, మందు ఆగకుండుట అడవిపల్లెలకు నిజముగా గొప్ప మేలు.

ఆ మేలు నిండుగా ఫలింపవలెనన్నచో ఒక చిన్న మార్పు చాలునని నా అభిప్రాయము. కార్యకర్త వాకిట నిలుచు వేళకు ఆ ఇల్లాలు అప్పుడే అంబలి త్రాగి యుండవచ్చును, లేదా ముందురాత్రినుండి ఏమియు తినక యుండవచ్చును. 190 అను అంకె తిన్న గంటకు వచ్చినచో సామాన్యమే. పరగడుపున వచ్చినచో మందు మార్పవలసిన అంకె. కావున కొలతప్రక్కన చివరిసారి తిన్న వేళను, ఏమి తిన్నదో ఒక్క మాటలో, ఆ రోజు మాత్ర వేసికొన్నదో లేదో వ్రాయవలయును. ఆ కాగితము ఆసుపత్రి పుస్తకములోనే గాక రోగి ఇంట, ఆమె చదువగల భాషలో, తెలుగైనను కన్నడమైనను, గోడకు వ్రేలాడవలయును. చదువురానివారికి మనుమడు చదివి చెప్పును. ‘అమ్మా, ఈ దినము ఎన్ని గంటలకు తింటివి?’ అని కార్యకర్త అడిగిన ఒక్క ప్రశ్న, ఖరీదైన యంత్రముకంటె ఎక్కువ తెలుపగలదు.

చర్మము క్రింద సన్నని తీగనుంచి, కణముల నడుమనున్న ద్రవములోని చక్కెరను కొన్ని నిమిషముల కొకసారి చూపు నిరంతర పరికరములు 1999 నుండి వాడుకలోనికి వచ్చి, 2014 నుండి వ్రేలిగ్రుచ్చులు అక్కరలేని రూపమున వ్యాపించినవి. దినమున నూటికి 70 పాళ్ళ కాలము చక్కెర 70, 180 నడుమ నుండవలెనని వాటివలన ఏర్పడిన కొత్త లక్ష్యము. చక్కెర వేగముగా మారునప్పుడు అవి కొన్ని నిమిషములు వెనుకబడును. రెండు వారములకొక కొత్త పరికరము కొనవలసి యుండుటచే అవి హోసూరు ఉద్యోగులకు అందవచ్చును గాని, అంచెట్టి కూలివారికి ఇప్పట్లో అందవు. ప్రభుత్వము వారు మొదటిరకపు పిల్లలకైన వీనిని ఉచితముగా ఇచ్చుట న్యాయము.

గర్భిణుల విషయమున తమిళనాడు దేశమునకు దారి చూపినది. మద్రాసు వైద్యుడు వి. శేషయ్య ప్రచారముచే, తిన్నదీ తిననిదీ చూడకుండ 75 గ్రాముల గ్లూకోజు నీళ్ళలో కలిపి త్రాగించి, రెండుగంటలకు 140 దాటినచో గర్భకాలపు మధుమేహముగా నెంచు ఒక్కసారి పరీక్ష స్థిరపడినది. పరగడుపున రమ్మని చెప్పి, కొండదిగి వచ్చిన గర్భిణిని మరునాడు మరల రమ్మనుటకు వీలులేని అంచెట్టి వంటి చోట్లకు ఇది ఎంతయు అనుకూలము. గర్భవతులకు హద్దులు మరింత బిగువు: పరగడుపున 95 లోపల, తిన్న రెండుగంటలకు 120 లోపల. ప్రసవమైన ఆరువారములకు గ్లూకోజు త్రాగించు పరీక్షను మరల చేయవలెను, ఆపై ఏటేట చక్కెర చూచుకొనవలెను, ఏలనన అట్టి తల్లులలో పెక్కురకు కొన్నియేండ్లకు శాశ్వతమైన మధుమేహము వచ్చును. ఈ సీమ ఆడపడుచులు పురిటికి పుట్టింటికి పోవుట ఆచారము. ఆ పుట్టిల్లు ధర్మపురిలోనో, హద్దు దాటి కర్ణాటకపు కనకపురలోనో ఉండవచ్చును. అత్తవారి ఊరి ఆరోగ్యకేంద్రమున వ్రాసిన అంకెలు అచటివారికి తెలియవు. కావున పరీక్షచీటి ఆమె చీరెలపెట్టెలో ఆమెతోడ పోవలెను. ఆరువారముల పరీక్ష దినమును పుట్టింటివారు కూడ ఎరిగియుండునట్లు ఆ చీటిమీదనే ముందుగా వ్రాసి పంపవలెను.